పొడవదని చెప్పి ఇచ్చిన ఆవు

"ఈ ప్రోగ్రాం మీ అసలు ఫైలు జోలికి పోదు. మార్చిన పాఠాన్ని వేరే ఫైల్లో రాస్తుంది."

ఈ రెండు వాక్యాలూ నేను రాసినవే. రాసిన రోజున రెండూ నిజమే. ఏడాది తిరిగేసరికి రెండూ అబద్ధాలయ్యాయి. ఆ సంగతి నాకు తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది. తెలిసింది కూడా నా తెలివి వల్ల కాదు, ఒకావిడకి జరిగిన నష్టం వల్ల.

పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగుని యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం నాది. ఈ అవస్థ ఏమిటో పత్రికలు నడిపేవాళ్ళకీ, పెద్దవాళ్ళ కథల్ని పుస్తకాలుగా తెచ్చే ప్రయత్నంలో ఉన్నవాళ్ళకీ చెప్పక్కర్లేదు. యూనికోడ్ రాకముందు మన ప్రెస్సుల్లో నడిచిన ఫాంట్లలో, తెర మీద కనిపించే తెలుగు అక్షరం కంప్యూటర్ దృష్టిలో తెలుగే కాదు. ఏదో ఇంగ్లిష్ అక్షరమో, గుర్తో. ఆ ఫాంటు వేసి చూస్తే మన కంటికి తెలుగు, తీసేస్తే పిచ్చిగీతలు. తలకట్టుకో సంఖ్య, కొమ్ముకో సంఖ్య, వత్తుకో సంఖ్య. ఒక పట్టిక వేసుకుని వాటిని ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి తెచ్చుకోవాలి.

నా అవసరానికే రాసుకున్నాను, ఆఫీసు అయ్యాక రాత్రుళ్ళు. నలుగురికీ పనికొస్తుందని గిట్‌హబ్‌లో పెట్టాను. ఎవరైనా కోడు చూడొచ్చు, వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పైసా ఇవ్వక్కర్లేదు. ఓపెన్ సోర్స్ అంటే స్థూలంగా అదే. కోడుతో పాటు 'రీడ్‌మీ' అని ఒక పేజీ పెట్టడం ఆచారం: ఇదేం చేస్తుంది, ఎలా వాడాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి. పైన చెప్పిన రెండు వాక్యాలూ ఆ పేజీలోవే.

ఏడాది తర్వాత ఒకతను చిన్న మార్పు పంపాడు. ఫోల్డర్ మొత్తం ఒకేసారి మారుస్తుంటే ప్రతి ఫైలుకీ ఇంకో ఫైలు పుట్టి గందరగోళంగా ఉందనీ, ఉన్న ఫైలునే మార్చేస్తే బావుంటుందనీ అతని వాదన. తొమ్మిది లైన్ల కోడు. మెట్రోలో నిలబడి ఫోన్లో చూశాను. శుభ్రంగా ఉంది. ఒప్పేసుకున్నాను. రీడ్‌మీ సంగతి అతనికి గుర్తురాలేదు, నాకూ గుర్తురాలేదు.

ఆ తర్వాత ఏడాదికి ఒంగోలు నుంచి ఉత్తరం వచ్చింది. రిటైరైన తెలుగు టీచరు. ఆవిడ నాన్నగారు కథలు రాసేవారు. పెద్ద పేరున్న రచయిత కారు. తొంభైల్లో ఊళ్ళో డీటీపీ సెంటర్లో దగ్గర కూచుని మరీ టైపు చేయించుకున్న నలభై ఒక్క కథలు ఒక సీడీలో మిగిలాయి. ఆ సీడీ ఒక్కసారి ఎలాగో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కింది, తర్వాత మొరాయించింది. ఇంజనీరింగ్ చదువుతున్న అక్క కొడుకు నా ప్రోగ్రాం వెతికిపట్టుకుని ఫోల్డర్ మొత్తం మీద నడిపాడు.

నా పట్టిక ఆ ఫాంటులో ఒక రకానికి వేసుకున్నది. వాళ్ళ ఫైళ్ళు ఇంకో రకం. చాలా అక్షరాలు సరిగ్గానే మారాయి. కొన్ని గుర్తులు మాత్రం నా పట్టికలో లేవు. లవత్తు అందులో ఒకటి. పట్టికలో లేనిది ఎదురైతే నా ప్రోగ్రాం చప్పుడు చెయ్యకుండా వదిలేసి ముందుకు పోతుంది. ఈ సంగతి నాకు మొదట్నుంచీ తెలుసు, ఎక్కడా రాయలేదు. అసలు ఫైళ్ళు ఉండుంటే పట్టిక సరిచేసి మళ్ళీ నడిపితే సరిపోయేది. వాటి మీదే కొత్తవి రాసేసింది.

"వాణ్ణి ఇంట్లో అందరం తిట్టాం బాబూ, ముందు కాపీ తీసి పెట్టుకోవాలని తెలీదా అని. తర్వాత మీ పేజీ నేనూ చదివాను. ఒరిజినల్ జోలికి పోదని మీరే రాశారు కదా," అని ఉంది ఉత్తరంలో. నిష్ఠూరం లేదు. ఇప్పుడేమైనా దారి ఉందేమో చెప్పమని అడిగారంతే.

సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను. ఆ రాత్రి నేను మొదట చేసిన పని లైసెన్సు తెరిచి చదువుకోవడం. నాది ఎంఐటీ లైసెన్సు. చాలామంది ఓపెన్ సోర్స్‌వాళ్ళు వాడేదే. చివర్లో క్యాపిటల్ అక్షరాలతో ఉంటుంది: ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, ఏ హామీ లేదు, ఏ నష్టం వచ్చినా రాసినవాళ్ళకి పూచీ లేదని. అది ప్రోగ్రాంకే కాదు, దానితో వచ్చే డాక్యుమెంటేషన్‌కి కూడా వర్తిస్తుందని మొదట్లోనే ఉంది. రెంటినీ ఒకే గాటన కట్టేశారు. లైసెన్సు ప్రకారం నా మీదికేం రాదు. మరి నిద్రెందుకు పట్టలేదు?

దానమిచ్చిన ఆవుకి పళ్ళు లెక్కపెట్టకూడదంటారు. అది పుచ్చుకునేవాడికి చెప్పిన నీతి. ముసలిదైనా, పాలు తక్కువిచ్చినా నోరెత్తకు, ఊరికే వచ్చింది కదా అని. ఇచ్చేవాడి సంగతి ఆ సామెత ఏమీ చెప్పదు. ఇచ్చేవాడు పలుపు చేతికిస్తూ, "ఇది పొడవదు, పిల్లల్ని దగ్గరికి పోనివ్వచ్చు" అన్నాడనుకోండి. ఆవు ఊరికే వచ్చింది, సరే. ఆ మాట కూడా అలాగే వచ్చినట్టేనా? ఆవుని ఇవ్వాల్సిన బాధ్యత అతనికి లేదు. పొడుస్తుందో లేదో చెప్పాల్సిన బాధ్యత కూడా లేదనే అనుకుందాం. కానీ చెప్పాడు. విన్నవాళ్ళు ఆ మాట మీదే పిల్లల్ని వదిలారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేను రాసిన రోజున నా మాట నిజం. మరి నేను అబద్ధం ఆడినట్టా, కాదా? బస్టాండులో దారి అడిగినవాడికి ఎడమవైపు వెళ్ళమని చెప్పాను. అప్పటికి దారి అటే. రెణ్ణెల్ల తర్వాత ఆ దారి మూసేస్తే నా తప్పేముంది? నోటిమాటైతే ఏమీ లేదు. నోటిమాట ఒకరికి చెప్పి ఊరుకునేది. రాసిపెట్టిన మాట అలా ఊరుకోదు. నేను నిద్రపోతున్నా, ఆఫీసులో ఉన్నా, ఆ ప్రోగ్రాం ఒకటుందనే మర్చిపోయినా అది వచ్చినవాళ్ళందరికీ ఎడమవైపు వెళ్ళమని చెప్తూనే ఉంటుంది, వర్తమాన కాలంలో. "జోలికి పోదు" అని రాశాను గానీ "ఫలానా తేదీన చూసినప్పుడు పోలేదు" అని రాయలేదు. పైగా ఆ దారి మూసింది ఎవరో కాదు, నేనే. బోర్డు రాసిన చేత్తోనే గొయ్యి తవ్వడానికీ ఒప్పుకున్నాను.

నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. 2017లో గిట్‌హబ్ చేసిన సర్వేలో, జవాబిచ్చినవాళ్ళలో 93 శాతం మంది అసంపూర్ణమైన, కాలం చెల్లిన డాక్యుమెంటేషన్‌ని సమస్యగా చెప్పారు. ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్ళలో 60 శాతం మంది తాము డాక్యుమెంటేషన్‌లో చెయ్యి పెట్టేది అరుదుగానో, అసలు లేదో అని అదే సర్వేలో చెప్పారు. రోగం అందరికీ తెలుసు, మందు ఎవరూ నూరరు.

బద్ధకం ఒక్కటే కారణం కాదు. కోడులో తప్పుంటే ఏదో ఒకటి అరుస్తుంది. ప్రోగ్రాం ఆగిపోతుంది, పరీక్షలు ఫెయిలవుతాయి, ఎర్ర గుర్తు పడుతుంది. రీడ్‌మీలో వాక్యం అబద్ధమైపోతే ఏ గుర్తూ పడదు. అది ఎప్పట్లాగే ఆత్మవిశ్వాసంతో అక్కడే ఉంటుంది. అది తప్పని కనిపెట్టగలిగేవాణ్ణి నేనే, నేనేమో దాన్ని చదవను, అంతా తెలుసు కాబట్టి. చదివేవాళ్ళకి తెలియదు, తెలియదు కాబట్టే చదువుతున్నారు. అందుకే జాంగో లాంటి ప్రాజెక్టుల్లో కొత్త సౌకర్యం చేర్చాలంటే దాని డాక్యుమెంటేషన్ కూడా వెంట తేవాలనే నియమం పెట్టుకున్నారు. రెండూ కలిసి వస్తేనే లోపలికి. ఆ నియమం నాకప్పుడు చాదస్తంగా కనిపించేది.

అసలు ఏమీ రాయకపోయుంటే? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. రీడ్‌మీ ఖాళీగా ఉండుంటే ఆ కుర్రాడు భయపడేవాడు. ఇదేం చేస్తుందో ఏమో అని ముందు ఫోల్డర్‌ని కాపీ తీసి పక్కన పెట్టేవాడు. జాగ్రత్త లేని పిల్లవాడేం కాదు. నా వాక్యమే ఆ జాగ్రత్త అక్కర్లేదంది. తెలియనప్పుడు మనిషికి కనీసం తెలియదన్న భయమైనా కాపలా ఉంటుంది. తప్పుడు భరోసా ఆ కాపలావాణ్ణి కూడా ఇంటికి పంపేస్తుంది.

ఇది మనవాళ్ళకి కొత్త సంగతి కాదు. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరి మన మెదక్ జిల్లా కొల్చారం ఆయన. ఆయన ఇంటిపేరు కోలాచలం ఆ ఊరి పేరే. తన వ్యాఖ్యకి సంజీవని అని ఎందుకు పేరు పెట్టారో ఆయనే చెప్పుకున్నారు. చెడ్డ వ్యాఖ్యానాల విషం తగిలి కాళిదాసు వాక్కు మూర్ఛపోయిందట, దాన్ని బతికించడానికి ఈ టీకట. కావ్యం కష్టంగా ఉందని కాదు ఆయన బాధ, దానికి చెప్పిన అర్థాలు తప్పని. తన నియమం కూడా మొదట్లోనే ప్రకటించుకున్నారు: ఆధారం లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను. ఒక పెద్ద పండితుడు ఇంకొకరి రచన పక్కన కూచుని, చదివేవాడి కోసం ఇంత నిష్ఠ పెట్టుకున్నాడు. నా తొమ్మిది లైన్ల పక్కన ఒక్క వాక్యం మార్చడానికి నాకు తీరిక లేకపోయింది.

అయితే అవతలి పక్షం వాదన కూడా నిజమే, దాన్ని తీసిపారెయ్యలేను. ఊరికే పనిచేసేవాడి మీద ఎంతని బాధ్యత మోపుతాం? 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం గుర్తుండే ఉంటుంది. ఫైళ్ళని కుదించే చిన్న ప్రోగ్రాం అది. లోకంలో లెక్కలేనన్ని లినక్స్ యంత్రాల్లో ఉంటుంది. దాన్ని ఏళ్ళ తరబడి మోసింది దాదాపు ఒక్క మనిషి, జీతం లేకుండా. పని నెమ్మదిగా సాగుతోందని ఆయన మీద జనం విసుక్కున్నారు. తన ఆరోగ్యం బాలేదనీ, ఇది డబ్బులొచ్చే పని కాదనీ ఆయన చెప్పుకోవాల్సి వచ్చింది. సాయం చేస్తానని వచ్చిన ఒక అజ్ఞాత వ్యక్తి రెండేళ్ళకు పైగా నమ్మకంగా పనిచేసి, చివరికి అందులో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీరు, తన యంత్రంలో లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వబట్టి గానీ అది బయటపడలేదు. ఆ కథ చదివాక, ఇంకా రాయాలి, ఇంకా బాగా రాయాలి అని అలాంటి మనుషుల మీద ఎక్కి కూచోడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి ఎంత చేస్తే చాలు? దీనికి నాకు దొరికిన సమాధానం ఒక పాత పుస్తకంలో ఉంది. యునిక్స్ మొదటి మాన్యువల్, 1971 నవంబరు 3 తేదీతో వచ్చింది. రాసినవాళ్ళు కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ. ప్రతి కమాండుకీ క్లుప్తంగా వివరం, అవే శీర్షికలు. ఆ శీర్షికల్లో ఒకటి 'బగ్స్'. మేం రాసిన దీనిలో ఉన్న లోపాలివీ అని, తయారుచేసినవాళ్ళే ఎక్కడికక్కడ రాసి పెట్టడం. ఆ కింద ఇంకోటి, 'ఓనర్'. ఏదైనా ఇబ్బందొస్తే ఎవర్ని అడగాలో వాళ్ళ పేరు. ఓనర్ శీర్షిక తర్వాత్తర్వాత పోయింది గానీ బగ్స్ అన్నది ఇప్పటికీ చాలా పేజీల్లో కనిపిస్తుంది.

ఇరవై పేజీల చక్కటి వివరణ ఎవరూ ఎవరికీ బాకీ లేరనుకుంటాను. ఇవి మాత్రం బాకీ ఉన్నామనుకుంటాను: నాకు తెలిసిన లోపం, చివరిసారి సరిచూసిన తేదీ, ఇప్పుడు దీన్ని ఎవరైనా చూస్తున్నారా లేదా అన్న నిజం. "రెండేళ్ళుగా ఇటు రాలేదు, మీ జాగ్రత్త మీది" అని ఒక్క ముక్క రాసి తాళం వేసుకుపోవడం కూడా మర్యాదే. నిలబెట్టుకోలేని వాక్యాన్ని చెరిపేయడం కూడా డాక్యుమెంటేషనే. దానికి పెద్ద తీరిక అక్కర్లేదు. కాకపోతే కాస్త అహం తగ్గించుకోవాలి. నా ప్రోగ్రాం అక్షరాలు మింగుతుందని నేను రాయకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. రాస్తే బావుండదనిపించింది, అంతే.

ఎంత నిజాయితీగా రాసినా అందని భాగం ఒకటుంటుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ఒక వ్యాసంలో దీన్ని గట్టిగా వాదించారు. ప్రోగ్రాం అసలు ప్రాణం కోడులోనో, కాయితాల్లోనో ఉండదు, రాసినవాళ్ళ బుర్రలో ఉంటుంది. ఎందుకిలా, ఎందుకు అలా కాదు అన్న అవగాహన అది. ఆ మనుషులు చెదిరిపోతే కాయితాల నుంచి దాన్ని పూర్తిగా తిరిగి కట్టుకోలేం అన్నారాయన. మొదటిసారి చదివినప్పుడు, సరే, రాయకుండా ఉండటానికి ఇంకో సాకు అనుకున్నాను. దాని అర్థం ఒంగోలు కథల దగ్గర తెలిసింది.

నలభై ఒకటిలో ముప్ఫై నాలుగు కథలు ఎప్పుడో పత్రికల్లో అచ్చయినవే. ఆ కత్తిరింపులు ఆవిడ దగ్గర ఉన్నాయి. అచ్చుకి పోనివి ఏడు. వాటి కోసం నాలుగు నెలలపాటు ఆదివారాలు ఫోన్లో కూచున్నాం, ఆవిడ అక్కడ, నేనిక్కడ. చాలా మాటలు తేలిగ్గానే దొరికాయి. 'పిల' అంటే పిల్ల, 'ఇలు' అంటే ఇల్లు. కొన్ని కుదరలేదు. ఒకచోట "అదంతా కల" అని ఉంది. కలా, కల్లా? ముందూ వెనకా చదివి కల్లే అయ్యుంటుందని తేల్చుకున్నాం. ఇంకో కథ చివర్లో, చాలా ఏళ్ళకి ఊరికి తిరిగొచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడితే, లోపల్నుంచి "చెలి" వస్తుంది. చెలా, చెల్లా? రెండు రకాలుగానూ కథ నిలబడుతుంది. రెండూ వేరే వేరే కథలు. అంత ముఖ్యమైన మనిషి కథ మొత్తంలో ఆ ఒక్కచోటే కనిపిస్తుంది.

"నాన్న ఉంటే అడిగేవాళ్ళం," అన్నారావిడ. కాసేపు ఇద్దరం ఏం మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి తెలిసింది. జరిగింది ప్రాజెక్టు పేజీలో రాశాక, నా ప్రోగ్రాం వాడే ఒకతను జవాబిచ్చాడు: "అవునండీ, రీడ్‌మీలో అది తప్పని నేను పోయినేడే గమనించాను. నేనెప్పుడూ కాపీ తీసుకునే చేస్తా." చదవగానే ఒళ్ళు మండింది. ఏడాది ముందే తెలిసి ఒక్క మాట చెప్పలేదా! తర్వాత నా సంగతి గుర్తొచ్చింది. ఎన్ని ప్రాజెక్టుల్లో తప్పుడు సూచన పట్టుకుని అర్ధరాత్రి దాకా కొట్టుకుని, చివరికి దారి దొరకగానే "హమ్మయ్య" అని ట్యాబ్ మూసేశానో లెక్కలేదు. నాకు తగిలిన రాయి, నా వెనకాల వచ్చేవాడికి కూడా తగులుతుందని తెలిసే వదిలేశాను. అప్పుడు దాన్ని తప్పనుకోలేదు. నేను రాసింది కాదు కదా, నాకేం సంబంధం అనుకున్నాను. కానీ ఆ వాక్యం అబద్ధమని రాసినవాడికి తెలియదు, నాకు తెలుసు. ఆ క్షణాన దాన్ని ఆపగలిగినవాణ్ణి నేనే. ఓపెన్ సోర్స్‌లో ఎవరైనా మార్పు పంపొచ్చంటే, హక్కుగానే విన్నాను ఇన్నాళ్ళూ. అతని మీద వచ్చిన కోపం సగం నా మీదికే తిరిగింది.

ఇప్పుడు నా రీడ్‌మీలో మొదటి శీర్షిక 'లోపాలు'. ఏ రకం ఫైళ్ళకి పనికిరాదో, ఏ అక్షరాలు పోతాయో, ఎప్పుడు చివరిసారి సరిచూశానో ఉంటుంది. తెలియని గుర్తు ఎదురైతే ప్రోగ్రాం ఇప్పుడు ఆగి అరుస్తుంది. ఫైలు మీదే రాయడం తీసేశాను. ఆ మార్పు పంపినతను కాస్త నొచ్చుకున్నాడు. మొన్నీమధ్య ఆఫీసు పని ఒత్తిడిలో ఆ తేదీ మార్చడం ఐదు నెలలు మర్చిపోయాను కూడా. మారిపోయానని చెప్పుకోడానికి రాయడం లేదిది.

ఒంగోలు టీచరుగారి పుస్తకం పోయినేడు వచ్చింది. మూడొందల కాపీలు, సొంత ఖర్చుతో. ఒకటి నాకు పంపారు. తెరవగానే ముందు ఆ కథ చివరి పేజీకి వెళ్ళాను. ఏ మాట ఎంచుకుని ఉంటారా అని. గుమ్మం దగ్గరికి "చెలి" అనే వచ్చింది. పక్కన చిన్న చుక్క. పేజీ కింద చిన్నక్షరాల్లో ఇలా ఉంది: "ఫైలులో ఇక్కడ ఒక వత్తు పోయి ఉండవచ్చు. నాన్నగారు చెల్లి అని రాశారో, చెలి అనే రాశారో మాకు తెలియదు."